ఎడతెగని ఒత్తిడి మెదడును, మనిషిని ఏం చేస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఒత్తిడి గురించి ఎక్కడ మాట కదిలినా చివరికి ఇవే సందేహాలు వస్తాయి. అడిగేవాళ్లు మారతారు, ప్రశ్నలు మారవు. చాలామంది గొంతులో వినిపించే అసలు భయం మాత్రం ఒకటే: “నేను మునుపటి మనిషిని కాకుండా పోతున్నానా?” అందుకని ప్రశ్నలను వాళ్లు అడిగిన మాటల్లోనే ఉంచాను. ఏ ప్రశ్న దగ్గర్నుంచైనా మొదలుపెట్టి చదువుకోవచ్చు.

## ఇంకా మొదట్లో ఉన్నప్పుడు

టెన్షన్ అందరికీ ఉండేదే కదా, దీనికింత హడావిడి ఎందుకు?

ఉంటుంది. ఉండాలి కూడా. ఎదురుగా బండి దూసుకొస్తే మనల్ని పక్కకు దూకించేది అదే. ఆపద కనబడగానే శరీరం తలపడటానికో పారిపోవడానికో సిద్ధమైపోతుందని వాల్టర్ కానన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1915లోనే వివరించాడు. గుండె వేగం పెరుగుతుంది, రక్తం కండరాలకు మళ్లుతుంది, అరుగుదల నెమ్మదిస్తుంది. గండం గడిచాక అన్నీ సర్దుకుంటాయి.

గండం గడవకపోతేనే చిక్కు. తీరని అప్పు, రోజూ గొడవలు జరిగే ఇల్లు, ఎప్పుడు ఊడుతుందో తెలియని ఉద్యోగం, మంచం పట్టిన మనిషికి ఏళ్ల తరబడి సేవ. వీటి నుంచి పక్కకు దూకే వీలుండదు. కాసేపటి కోసం ఉన్న ఏర్పాటు నెలల తరబడి నడుస్తూనే ఉంటుంది. హడావిడి అందుకే.

ఎన్నాళ్లుంటే దీర్ఘకాలిక ఒత్తిడి అంటారు?

గీత గీసి చెప్పే లెక్క లేదు. అయితే ఒక ఆధారం ఉంది. షెల్డన్ కోహెన్ బృందం 276 మంది ఆరోగ్యవంతుల ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి, ఎవరికి జలుబు పడుతుందో చూసింది. ఆ ఫలితాలు 1998లో వచ్చాయి. నెలలోపు ముగిసిన కష్టాలు, ఎంత పెద్దవైనా, జలుబు అవకాశాన్ని పెంచలేదు. నెల దాటి సాగినవి మాత్రం బాగా పెంచాయి. వాటిలోనూ సరైన పని దొరక్కపోవడం, అయినవాళ్లతో తెగని తగాదాలు ముందున్నాయి.

నేనైతే రోజులు లెక్కపెట్టమని చెప్పను. ఒకటి గమనించమంటాను: ఆ కష్టం కళ్లముందు లేని రోజున మీ ఒళ్లు సడలుతోందా? సెలవు రోజు కూడా దవడలు బిగుసుకునే ఉంటే, భుజాలు చెవుల దాకా లేచే ఉంటే, అది పాతబడిందనే అర్థం.

అడ్రినలిన్, కార్టిసాల్ అంటుంటారు. ఏది ఏం చేస్తుంది?

అడ్రినలిన్ క్షణాల్లో వస్తుంది, త్వరగా పోతుంది. గుండె దడ, చెమట దాని పనే. కార్టిసాల్ నింపాదిగా వస్తుంది. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ పీయూష గ్రంథికి కబురు పెడుతుంది. అది మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకు అందిస్తుంది. కష్టం ఎదురయ్యాక దాదాపు 20 నుంచి 30 నిమిషాలకు రక్తంలో కార్టిసాల్ పతాక స్థాయికి చేరుతుంది. ఒంట్లోని చక్కెర నిల్వలను బయటికి తీసి, పోరాటానికి ఇంధనం సమకూర్చడం దాని ముఖ్యమైన పని.

అది దుర్మార్గపు హార్మోనేమీ కాదు. అది లేకపోతే ప్రాణానికే ముప్పు. రోజూ తెల్లవారుజాము నుంచి పెరుగుతూ, నిద్ర లేచిన అరగంట ముప్పావుగంటకు బాగా ఎక్కువై, అర్ధరాత్రికి అట్టడుగుకు వస్తుంది. తగినంత తయారయ్యాక “ఇక చాలు” అని చెప్పే ఏర్పాటు కూడా మెదడులో ఉంది. జ్ఞాపకాలను చూసుకునే హిప్పోక్యాంపస్‌కు అందులో పెద్ద పాత్ర. ఒత్తిడి ఎడతెగకుండా సాగితే ఆ బ్రేకు వదులవుతుంది. కొందరిలో పగలూ రాత్రీ తేడా చెరిగిపోయి, పొద్దున ఉండాల్సిన చురుకు రాత్రి వస్తుంది. మరికొందరిలో ఏళ్లు గడిచాక కార్టిసాల్ ఉండాల్సినంత కూడా ఉండదు. అందుకే “ఒత్తిడి అంటే కార్టిసాల్ ఎక్కువవడం” అనే ఒక్క ముక్కతో అందరినీ కొలవలేం.

రక్తపరీక్ష చేయించుకుంటే ఎంత ఒత్తిడి ఉందో తెలుస్తుందా?

తెలియదు. గంటగంటకూ మారే కార్టిసాల్‌ను ఒక్కసారి కొలిస్తే ఆ గంట సంగతే తెలుస్తుంది. సూదిని చూసి భయపడినా పెరుగుతుంది. డాక్టర్లు ఆ పరీక్ష రాసేది కుషింగ్స్, అడిసన్స్ లాంటి హార్మోను జబ్బులేమైనా ఉన్నాయేమో చూడటానికి. ఒత్తిడిని కొలవడానికి పరిశోధకులు ఎక్కువగా వాడేది ఒక ప్రశ్నావళి. 1983లో తయారైంది. గత నెలలో పరిస్థితి చెయ్యిదాటిపోయినట్టు ఎన్నిసార్లు అనిపించిందని అడుగుతుంది.

ఇంకోటి. “అడ్రినల్ ఫెటీగ్” (అడ్రినల్ గ్రంథులు అలసిపోవడం) పేరుతో మాత్రలు, పొడులు అమ్ముతున్నారు. వైద్యశాస్త్రం గుర్తించిన జబ్బు కాదది. డబ్బు దండగ.

ఇద్దరికీ వచ్చింది ఒకే కష్టం. తను మామూలుగానే ఉంది, నేను కుదేలైపోయాను. నేనంత బలహీనుడినా?

ఒకే కష్టమని బయటి నుంచి అనిపిస్తుంది. లోపల రెండు సంగతులు తేడా తెస్తాయి: కష్టం ఎప్పుడొస్తుందో ముందే తెలుస్తుందా, దాని మీద మన చెయ్యి ఏమైనా నడుస్తుందా. జే వైస్ అనే శాస్త్రవేత్త 1960ల చివర్లో, 70ల మొదట్లో ఎలుకల మీద దీన్ని పరీక్షించాడు. జంటలోని రెండు ఎలుకలకూ సరిగ్గా ఒకే కరెంటు షాకు. ఒకదాని దగ్గర షాకును ఆపే చక్రం ఉంది, రెండోదానికి లేదు. చక్రం లేనిదాని కడుపులో పుండ్లు ఎక్కువ పడ్డాయి. షాకుకు ముందు హెచ్చరిక శబ్దం వినిపించిన ఎలుకలకు తక్కువ పడ్డాయి.

మనుషుల్లోనూ ఇదే వరస. బ్రిటన్ ప్రభుత్వోద్యోగుల మీద 1985లో మొదలైన వైట్‌హాల్ రెండో అధ్యయనంలో 10,308 మందిని ఏళ్ల తరబడి గమనించారు. బాధ్యతలు నెత్తినున్న పైస్థాయి అధికారుల కన్నా, తన పని మీద తనకే పెత్తనం లేని కిందిస్థాయి ఉద్యోగులకు గుండెజబ్బుల ముప్పు ఎక్కువని తేలింది. ఇక చిన్నతనపు అనుభవాలు, నిద్ర, పుట్టుకతో వచ్చిన స్వభావం, తోడున్న మనుషులు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. తట్టుకున్నావిడకు మీకు లేని చక్రమేదో ఉండి ఉండొచ్చు.

## నెలలు గడిచాక, మెదడు లోపల

ఒత్తిడికి మెదడు కుంచించుకుపోతుందట, నిజమేనా?

సగం నిజం. జనాన్ని బెదిరించడానికి ఎక్కువగా వాడుతున్న సగం.

1968లో బ్రూస్ మెక్‌యువెన్, ఆయన సహచరులు ఒక కొత్త సంగతి కనిపెట్టారు. ఒత్తిడి హార్మోను వెళ్లి అతుక్కునే చోట్లు ఎలుక హిప్పోక్యాంపస్‌లో దండిగా ఉన్నాయి. అంటే అడ్రినల్ గ్రంథి పంపిన కబురు నేరుగా జ్ఞాపకాల గదిలోకే చేరుతోంది. తర్వాతి దశాబ్దాల్లో, మూడు వారాల పాటు రోజూ కొన్ని గంటలు కదలకుండా బంధించిన ఎలుకల్లో అక్కడి నాడీకణాల కొమ్మలు పొట్టివై, పలచబడటం చూశారు. కణాలు చచ్చిపోలేదని గమనించాలి. ఎండాకాలంలో ఆకు రాల్చిన చెట్టు లాంటిది ఇది, కూలిన చెట్టు లాంటిది కాదు. ఒత్తిడి తీసేశాక ఆ కొమ్మలు మళ్లీ పెరిగాయి.

మనుషుల సంగతికొస్తే, గ్రంథిలో గడ్డ వల్ల కార్టిసాల్ విపరీతంగా పెరిగే కుషింగ్స్ జబ్బులో హిప్పోక్యాంపస్ చిన్నదవుతుంది. చికిత్స తర్వాత కొంతవరకు తిరిగి పెరుగుతుంది. యుద్ధం చూసొచ్చి పీడకలలతో బాధపడే సైనికుల్లోనూ అది చిన్నగానే కనిపించింది. చాలాకాలం దాన్ని యుద్ధం చేసిన నష్టమనే అనుకున్నారు. 2002లో ఒక కవలల అధ్యయనం ఆ లెక్క తప్పించింది: యుద్ధానికే వెళ్లని కవల సోదరుల్లోనూ హిప్పోక్యాంపస్ చిన్నదే! అంటే కొందరికి అది ముందునుంచే చిన్నది, దానివల్లే దెబ్బ ఎక్కువ తగిలి ఉండొచ్చు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఒక్క స్కానింగ్ బొమ్మ చూసి చెప్పే విషయం కాదు.

చిన్న శబ్దానికీ ఉలిక్కిపడుతున్నాను. ఫోన్ మోగితే గుండె జారిపోతోంది. ఎందుకిలా?

మెదడులో అపాయాన్ని పసిగట్టే కాపలాదారు అమిగ్డలా. బాదంగింజ ఆకారంలో ఉంటుంది. ఎడతెగని ఒత్తిడిలో మెదడంతా నీరసించిపోతుందని అనుకుంటాం కానీ, ఇది మాత్రం బలం పుంజుకుంటుంది. బెంగళూరులో సుమంత్ర చటర్జీ బృందం 2002లో ఈ సంగతి చూపించింది. పది రోజుల ఒత్తిడి తర్వాత ఎలుకల హిప్పోక్యాంపస్‌లో నాడీకణాల కొమ్మలు తగ్గాయి, అమిగ్డలాలో పెరిగాయి. అదే బృందం 2004లో చెప్పిన సంగతి నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది: ఒత్తిడి ఆపి 21 రోజులు గడిచినా అమిగ్డలాలో పెరిగిన కొమ్మలు పోలేదు, ఎలుకల బెదురూ పోలేదు.

ఎలుకల లెక్కను ఉన్నదున్నట్టు మనిషికి అంటగట్టకూడదు. కానీ కష్టం తీరి నెలలైనా తలుపు చప్పుడుకు గుండె ఝల్లుమంటోందని సిగ్గుపడేవాళ్లకు ఇది తెలియాలి. కాపలాదారుకు యుద్ధం ముగిసిన వార్త ఆలస్యంగా అందుతుంది.

చదివింది బుర్రకెక్కట్లేదు, మాట మధ్యలో పేర్లు మర్చిపోతున్నాను. నాకు అల్జీమర్స్ మొదలైందా?

నడివయసులో, కష్టకాలంలో వచ్చే ఈ మతిమరుపులో ఎక్కువ భాగం జ్ఞాపకానిది కాదు, ధ్యాసది. నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అనే భాగం చేతిలో పనిని గుర్తుంచుకుని, అక్కర్లేని వాటిని పక్కకు నెడుతుంది. యేల్ విశ్వవిద్యాలయంలో ఎమీ ఆర్న్‌స్టెన్ అనే శాస్త్రవేత్త చేసిన పరిశోధనల ప్రకారం, అదుపు తప్పిన ఒత్తిడిలో నోరడ్రినలిన్, డోపమిన్ అనే మెదడు రసాయనాల మోతాదు మించిపోయి, ఈ భాగంలో కణాల మధ్య సంబంధం బలహీనపడుతుంది. తాళాలు ఎక్కడ పెట్టారో మీరు మర్చిపోలేదు. పెట్టేటప్పుడు మనసు అక్కడ లేదు, అంతే.

2009లో వైద్యవిద్యార్థుల మీద ఒక అధ్యయనం వచ్చింది. పెద్ద పరీక్షకు నెల రోజులుగా తయారవుతున్నవాళ్లు ఒక పని నుంచి ఇంకో పనికి ధ్యాస మళ్లించడంలో తడబడ్డారు. మెదడు స్కానింగ్‌లోనూ తేడా కనిపించింది. పరీక్ష అయ్యి నెల గడిచాక చూస్తే ఆ తేడా పోయింది.

ఒక గుర్తు చెబుతాను. మర్చిపోతున్నానని తనే కంగారుపడుతూ వచ్చే మనిషి కన్నా, తనకేం మతిమరుపు లేదంటుంటే ఇంట్లోవాళ్లు పట్టుకొచ్చిన మనిషి గురించే ఎక్కువ ఆలోచించాలి. తెలిసిన దారి తప్పిపోవడం, రోజూ చేసే పని చేతకాకపోవడం కనిపిస్తే వయసుతో పని లేకుండా డాక్టరుకు చూపించండి.

పరీక్ష హాల్లో ఒక్క ముక్కా గుర్తురాలేదు, బయటికి రాగానే అన్నీ గుర్తొచ్చాయి. ఏమిటీ విచిత్రం?

చదివింది ఎక్కడికీ పోలేదు, బయటికి తీసే దారి కాసేపు మూసుకుపోయింది. 2000లో వచ్చిన ఒక ప్రయోగంలో ముందురోజు నేర్చుకున్న మాటలను అప్పజెప్పే గంట ముందు కొందరికి ఒంట్లో కార్టిసాల్‌గా మారే కార్టిసోన్ మాత్ర ఇచ్చారు. వాళ్లకు తక్కువ మాటలు గుర్తొచ్చాయి. అదే మాత్ర నేర్చుకునే ముందో నేర్చుకోగానేనో ఇస్తే ఆ ఇబ్బంది లేదు. అందుకే హాల్లో గుర్తురాని ప్రశ్నతో కుస్తీ పట్టకుండా, తెలిసినదాన్ని ముందు రాయడం తెలివైన పని.

## ప్రవర్తన మారినప్పుడు

బయట అందరితో బాగానే ఉంటాను, ఇంట్లోవాళ్ల మీదే ఎందుకు అరుస్తున్నాను?

నోటిదాకా వచ్చిన మాటను ఆపడం మెదడుకు పని. నుదుటి వెనక భాగం అమిగ్డలాను అదిమి పట్టుకోవాలి. పగలంతా ఆఫీసులో అదే చేసి ఇంటికొచ్చేసరికి ఆ పట్టు సడలి ఉంటుంది. పైగా ఇంట్లోవాళ్లు మనల్ని వదిలిపోరన్న ధీమా ఒకటి. ఒత్తిడిలో ఉన్న మెదడు మామూలు ముఖంలో కూడా కోపాన్ని వెతుక్కుంటుంది. “అన్నం తిన్నావా” అన్న ప్రశ్న నిలదీసినట్టు వినిపిస్తుంది.

ఇది కారణమే, సాకు కాదు. అరుపు పడ్డవాళ్ల ఒత్తిడి కూడా నిజమే. గుమ్మం దాటి లోపలికి రాగానే పావుగంట ఎవరితోనూ లెక్కాచారం మాట్లాడకుండా గడపడం చాలామందికి పనికొచ్చింది. అరిచాక “నా కోపం నీ మీద కాదు” అని అదే పూట చెప్పడం ఇంకా మేలు.

పని కొండలా పేరుకుపోయింది, నేనేమో ఫోన్ తిప్పుతూ కూర్చుంటున్నాను. ఇది బద్ధకం కాక మరేమిటి?

బయటినుంచి బద్ధకంలాగే ఉంటుంది. నేను కూడా ఒకప్పుడు నన్ను నేను అలాగే తిట్టుకునేవాణ్ని.

2009లో పోర్చుగల్ పరిశోధకులు సైన్స్ పత్రికలో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. మీట నొక్కితే మేత వస్తుందని ఎలుకలకు నేర్పారు. తర్వాత వాటికి ఆ మేత కడుపునిండా పెట్టి మళ్లీ మీట దగ్గర వదిలారు. మామూలు ఎలుకలు ఆకలి లేదు కాబట్టి నొక్కడం తగ్గించాయి. వారాల తరబడి ఒత్తిడి పడ్డవి నొక్కుతూనే ఉన్నాయి. వాటి మెదడులో “ఇది నాకు ఇప్పుడు కావాలా” అని తూచే భాగం కుంగింది, అలవాటును నడిపే భాగం పెరిగింది.

అలసిన మెదడు ఆలోచన ఖర్చు లేని దారి పడుతుంది. ఎన్నోసార్లు నడిచిన దారి కాబట్టి ఫోను చేతిలోకి వస్తుంది. చూడాలన్న సరదా కూడా ఉండదు, గమనించారా? “గట్టిగా నిర్ణయించుకో” అని మందలిస్తే, సరిగ్గా ఆ నిర్ణయాలు తీసుకునే భాగమే నీరసంగా ఉంది. ఫోను వేరే గదిలో పెట్టడం, పనిని పది నిమిషాల ముక్కగా కోసి మొదటి ముక్కే ముందు పెట్టుకోవడం లాంటి మొండి ఉపాయాలే ఇక్కడ పనిచేస్తాయి. మరో మంచి కబురు: ఆ పరిశోధకులే 2012లో మనుషుల్లోనూ ఇలాంటి తేడాను చూసి, ఒత్తిడి కాలం గడిచాక అది సర్దుకుందని చెప్పారు.

ఆకలి లేకపోయినా తీపి మీదికే మనసు పోతోంది. కొందరేమో తిండే మానేస్తారు. ఏది నిజం?

రెండూ నిజమే. అప్పటికప్పుడు వచ్చిన గాభరా ఆకలిని చంపుతుంది. రోజుల తరబడి ఎక్కువగా ఉన్న కార్టిసాల్ తీపి, కొవ్వు మీద యావ పెంచుతుంది, పొట్ట దగ్గర కొవ్వు చేరుస్తుంది. అలాంటి తిండి కాసేపు ఊరట ఇవ్వడం కూడా నిజమే, అందుకే మెదడు మళ్లీ అడుగుతుంది.

సిగరెట్టో మందో తీసుకుంటే టెన్షన్ తగ్గుతుంది కదా, తప్పేముంది?

సిగరెట్టు తగ్గించేది ఎక్కువగా, పాత సిగరెట్టు నికోటిన్ దిగిపోవడం వల్ల పుట్టిన చిరాకునే. మానేసినవాళ్ల మీద వచ్చిన ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన 2014 నాటి సమీక్షలో, మానేశాక ఆందోళన, దిగులు, ఒత్తిడి తగ్గాయని తేలింది. మొదటి కొన్ని వారాలు మాత్రం కష్టమే.

మద్యం త్వరగా నిద్రపుచ్చుతుంది, కానీ తెల్లవారేలోపు నిద్రను ముక్కలు చేస్తుంది. దాని ప్రభావం దిగేటప్పుడు మెదడులోని ఒత్తిడి వ్యవస్థ రెట్టింపు జోరుతో లేస్తుంది. మర్నాటి గాభరాకు మందుగా మళ్లీ అదే కావాలనిపిస్తుంది.

రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తోంది, ఇక తెల్లారేదాకా ఆలోచనలే. ఏం చేయాలి?

రాత్రి రెండో సగంలో నిద్ర పలచబడుతుంది, కార్టిసాల్ సహజంగానే పైకి లేవడం మొదలవుతుంది. ఒత్తిడి ఉన్నప్పుడు ఆ చిన్న మెలకువే పూర్తి మెలకువ అవుతుంది. నిద్ర తక్కువైతే మర్నాడు ఒత్తిడి ఇంకా ఎక్కువ. దాదాపు 35 గంటలు మేలుకున్నవాళ్లకు బాధ కలిగించే బొమ్మలు చూపిస్తే వాళ్ల అమిగ్డలా 60 శాతం ఎక్కువగా స్పందించిందని 2007 నాటి ఒక అధ్యయనం చెప్పింది. మూడు గంటల వేళ ఏ సమస్యైనా రాక్షసిలా కనిపించడానికి ఇదో కారణం.

గడియారం చూడకండి. 20 నిమిషాలైనా నిద్ర రాదనిపిస్తే లేచి, మసక వెలుతురులో ఏదైనా విసుగు పుట్టించే పని చేసి, కునుకు వస్తున్నప్పుడే పక్క ఎక్కండి. ఎంత ఆలస్యంగా పడుకున్నా పొద్దున లేచే వేళ మార్చకండి. కాఫీలోని కెఫీన్ సగం కరగడానికి ఐదారు గంటలు పడుతుంది, మధ్యాహ్నం తర్వాత మానుకోండి. మర్నాటి పనుల చిట్టా పడుకునేముందే కాగితం మీద దింపేస్తే మూడింటికి మెదడు దాన్ని చదవాల్సిన పని తగ్గుతుంది.

ఇంట్లో మా గొడవలు పసివాడికేం అర్థమవుతాయి?

మాటలు అర్థం కాకపోవచ్చు, గొంతు అర్థమవుతుంది. నుదుటి వెనక భాగం పూర్తిగా ఎదగడానికి పాతికేళ్ల దాకా పడుతుంది. అందాకా దాని మీద పరిసరాల ముద్ర పడుతూనే ఉంటుంది. తల్లి బాగా నాకి సాకిన ఎలుకపిల్లలు పెద్దయ్యాక ఒత్తిడిని మెరుగ్గా తట్టుకున్నాయని, ఆ తేడా జన్యువుల పనితీరు దాకా వెళ్లిందని మైకేల్ మీనీ బృందం చూపించింది. పిల్లల ముందు అసలు గొడవే రాకూడదని కాదు. గొడవ తర్వాత మీరు కలిసిపోవడం కూడా వాళ్ల కంట పడాలి.

## డాక్టర్ దగ్గరికి వెళ్లాలా వద్దా అన్నప్పుడు

నాకున్నది ఒత్తిడేనా, డిప్రెషనా?

ఒత్తిడిలో ఉన్న మనిషికి సమస్య తీరితే బాగుంటానని అనిపిస్తుంది. డిప్రెషన్‌లో తీరినా ఏం లాభమని అనిపిస్తుంది. రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉండటం, ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి చచ్చిపోవడం, నిద్రా ఆకలీ తారుమారవడం, నేనెందుకూ పనికిరానని అనిపించడం ఉంటే సైకియాట్రిస్టును కలవండి. ఎడతెగని ఒత్తిడి డిప్రెషన్‌కు దారి తీయగలదు కాబట్టి ఏదో ఒకటి తేలేదాకా ఆగక్కర్లేదు. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఈ రోజే దగ్గరివాళ్లకు చెప్పి, వాళ్లను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.

బర్నౌట్ అంటే జబ్బేనా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణ 11వ కూర్పులో దాన్ని చేర్చింది, కానీ జబ్బుగా కాదు, ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా. మూడు లక్షణాలు చెప్పింది: శక్తి పూర్తిగా ఉడిగిపోవడం, పని మీద ఏవగింపు, పని సామర్థ్యం తగ్గడం. మనిషిని మార్చడం కన్నా పనిని మార్చడం ముఖ్యమైన చోటు ఇది. పని గంటలు అలాగే ఉంచి ఉద్యోగులకు ధ్యానం క్లాసు పెట్టే సంస్థలను చూస్తే నాకు నవ్వొస్తుంది.

అన్నీ టెన్షన్ వల్లే అంటున్నారు. ఇంకేదైనా జబ్బు ఉంటే?

ఈ అనుమానం మంచిదే. థైరాయిడ్ తేడాలు, రక్తహీనత, బి12 లోపం, షుగరు, నిద్రలో ఊపిరి ఆగడం, ఇవన్నీ అలసట, చిరాకు, మతిమరుపు తెస్తాయి. మామూలు రక్తపరీక్షలతో వీటిలో చాలావరకు బయటపడతాయి. ఛాతీ నొప్పి, హఠాత్తుగా మాట తడబడటం, ఒకవైపు చెయ్యి కాలు బలహీనమవడం లాంటివాటిని టెన్షన్ ఖాతాలో వేయకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మందులు వాడితే అలవాటైపోతాయా?

అన్నీ కావు. ఆందోళనకు, డిప్రెషన్‌కు ఎక్కువగా రాసేవి వ్యసనంగా మారవు, కానీ డాక్టరు చెప్పకుండా ఒక్కసారిగా ఆపితే ఇబ్బంది పెడతాయి. గాభరా తగ్గడానికి, నిద్రకు ఇచ్చే కొన్ని మాత్రలు మాత్రం వారాల్లోనే అలవాటవుతాయి. పాత చీటీ చూపించి మళ్లీ మళ్లీ కొనుక్కునేది సాధారణంగా వాటినే.

## కోలుకునే దారిలో

పాడైన మెదడు మళ్లీ మామూలవుతుందా?

పాడైందని అనకపోతే మంచిది. ప్రమాదానికి తగ్గట్టు మలుచుకుంది, ప్రమాదం లేని రోజులకు తగ్గట్టు మళ్లీ మలుచుకోగలదు. వయసుతో పాటు ఈ వేగం తగ్గుతుంది, ఆగిపోదు. 2011లో 120 మంది పెద్దవయసువాళ్లతో చేసిన అధ్యయనంలో ఏడాది పాటు వారానికి మూడుసార్లు చురుగ్గా నడిచినవాళ్ల హిప్పోక్యాంపస్ 2 శాతం పెరిగింది. ఒంటిని సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్లలో కాస్త తగ్గింది. తర్వాత వచ్చిన ప్రయోగాలన్నిటిలోనూ ఇంత స్పష్టంగా రాలేదు కాబట్టి దీన్ని హామీ అనుకోకూడదు. కానీ నడక వల్ల నిద్ర, దిగులు మెరుగవడానికి మెదడు సైజుతో పనిలేదు. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

కళ్లు మూసుకుని కూర్చుంటే ఇంకా ఎక్కువ ఆలోచనలొస్తున్నాయి. ధ్యానం తప్పనిసరా?

కాదు. ధ్యానం ఆందోళనను కొంత తగ్గిస్తుందనడానికి ఆధారాలున్నాయి. ఎనిమిది వారాల్లో మెదడు ఆకారమే మారిపోతుందన్న ప్రచారం మాత్రం 2022లో జాగ్రత్తగా చేసిన ఒక అధ్యయనంలో నిలబడలేదు. కూర్చోలేనివాళ్లకు ఊపిరే దారి: నిమిషానికి ఆరు శ్వాసల వేగంతో, వదిలే గాలి తీసుకునే గాలి కన్నా పొడవుగా, ఐదు నిమిషాలు. గాలి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే తగ్గుతుంది, కుదుట పడేసే నాడుల పని మొదలవుతుంది. అదీ కుదరకపోతే నడవండి.

సెలవు పెట్టి పదిరోజులు తిరిగొచ్చాను. వారంలోనే మళ్లీ మొదటికొచ్చింది. ఎందుకు?

తిరిగొచ్చింది అదే కుర్చీలోకి కాబట్టి. ఏడాదికొక పెద్ద సెలవు కన్నా రోజూ దొరికే చిన్న విరామం మేలు. అయితే ఆ విరామంలో మనసు కూడా పని నుంచి బయటికి రావాలి. రాత్రి భోజనం దగ్గర ఆఫీసు మెసేజ్ చూసుకుంటే ఒళ్లు ఇంట్లో ఉన్నట్టే గానీ ఒత్తిడి వ్యవస్థ ఇంకా డ్యూటీలోనే ఉన్నట్టు.

మా అమ్మ మంచంలో ఉంది. ఈ కష్టం తీరేది కాదు. మరి నాకు దారేది?

కష్టం తీరాకే కోలుకుంటానని అనుకోకండి. ఈ స్థితి ఒంటిని ఎంత పట్టి ఉంచుతుందో 1995లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. మతి తప్పిన అయినవాళ్లను చూసుకుంటున్న స్త్రీల చేతి మీద చిన్న గాటు పెట్టి చూస్తే, అది మానడానికి అదే వయసు ఇతర స్త్రీల కన్నా తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది.

పరిస్థితి మీ చేతిలో లేనప్పుడు దానిలో ఒక మూలనైనా చేతిలోకి తెచ్చుకోవాలి. వారంలో ఫలానా రోజు ఫలానా రెండు గంటలు వేరే ఎవరో చూసుకుంటారని ముందే ఖాయం చేసుకోవడం అలాంటిది. ఎప్పుడో వీలైనప్పుడు దొరికే ఐదు గంటల కన్నా, తప్పకుండా దొరుకుతుందని తెలిసిన రెండు గంటలు మెదడుకు ఎక్కువ విశ్రాంతి. మీలాగే చూసుకుంటున్న ఇంకొకరితో మాట్లాడటం కూడా చిన్న సాయం కాదు.

మా ఆయన ఇలా అయిపోయారు. “టెన్షన్ పడకండి” అంటే కసురుకుంటున్నారు. ఏమనాలి?

ఆ మాట అనకండి. చేతనైతే ఆయన ఎప్పుడో మానుకునేవారు. “ఏమైంది” అని పదేపదే అడిగినా నిలదీసినట్టే ఉంటుంది. ఆయన నెత్తిమీద ఉన్న పనుల్లో ఒకదాన్ని పేరు పెట్టి తీసుకోండి: “బ్యాంకు పని ఈ నెల నేను చూస్తాను” అని. సలహాలు లేకుండా పక్కన నడవండి. ఎదురెదురుగా కూర్చుని చెప్పలేని మాటలు పక్కపక్కన నడుస్తుంటే బయటికొస్తాయి. మొదటి నాలుగు రోజులు ఏమీ మాట్లాడకపోవచ్చు, అయినా వెళ్తూ ఉండండి.